కంచు మోకాలు

లజ్‌హర్ తన పెట్టుడుకాలు విప్పి నా వర్క్‌షాపు బల్లమీద పెట్టాడు. వెనకాలే అతని భార్య మన్నూబియా.

"మళ్ళీ పడ్డావా?" అన్నాను.

"నేను పళ్ళేదు ఉస్తాద్. మోకాలు కూలింది, దాని వెనకాల నేను పోయాను."

ఆ మోకాల్లో సాసర్లలా వంగిన చిన్న స్ప్రింగు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అవి నొక్కిపట్టినంతసేపే మోకాలు వంగకుండా బ్రేకు పట్టి మనిషి నిలబడతాడు. విప్పితే తుప్పు వేళ్ళకంటుకుంది. రెండు బిళ్ళలు చిట్లాయి. ఆ పెట్టుడుకాలు ఇచ్చినవాళ్ళు తడపొద్దన్నారట. మా కెర్కెన్నా దీవుల్లో మొలలోతు సముద్రంలో ఖర్జూరపు మట్టల దడి కట్టి చేపలు పట్టేవాడికి చెప్పే మాటేనా అది! చలికాలంలోపు లజ్‌హర్ నీళ్ళలో దిగకపోతే ఆ దడి అతని పినతండ్రి కొడుకు చేతికి పోతుంది. అలా పోయినవి తిరిగి రావడం నేను చూళ్ళేదు.

ఉక్కు బిళ్ళలకి జింకు పూత వేయించాను. వెండి నాణేల్లా మెరిశాయి. బిగించి ఉంచితే తెల్లారేసరికి వాటంతటవే పగిలాయి. గట్టి ఉక్కుకి పూత వేసే తొట్టి పడదు, అందులో ముంచితే పెళుసెక్కుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసి ఉప్పునీళ్ళలో నానేశాను. పైకి బాగానే ఉంది. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య ఉప్పు చేరి గుంటలు తొలిచింది, పగులు అక్కణ్ణుంచే పాకింది.

"ఈయనకి గాడిద మోకాలు పెట్టు అన్నా," అంది మన్నూబియా. "మొండితనానికి సరిగ్గా అతుకుతుంది."

చివరికి మిగిలింది కంచు.

"కంచుని ఉప్పు అంత తొందరగా తినదు," అన్నాను. "కానీ ఉక్కుకున్న బిగువు దీనికి లేదు. మందం పెంచుదామంటే లోపల చోటు లేదు. నేలమీద బరువంతా వేశావా, బ్రేకు జారుతుంది. ఒడ్డున కర్ర తప్పదు."

"నీళ్ళలో?"

"మొలలోతులో సగం బరువు సముద్రమే మోస్తుంది. అక్కడ ఆగుతుంది."

 లజ్‌హర్ కర్ర లేకుండా కాఫీ కొట్టు దాకా నడవాలని ఎంత ఆశపడ్డాడో నాకు తెలుసు. అక్కడ కూర్చునే వెధవలకి ఒకడి కుంటితనమే కాలక్షేపం.

"మామూలు ఉక్కే వేయించుకో, నీళ్ళలో దిగకు," అంది మన్నూబియా మెల్లగా. "నలుగుర్లో తలెత్తుకు తిరుగు. దడి పోతే పోనీ."

"ఆ నలుగురూ నాకు చేపలు పెడతారుటే?" అన్నాడు. "కంచే వెయ్యి ఉస్తాద్."

వేశాను. నాకు పని లేక కాదు గానీ, వాళ్ళ వెంట నేనూ సముద్రంలోకి దిగాను. లజ్‌హర్ దడి పట్టుకొని నిలబడ్డాడు. ఒక చెయ్యి వదిలాడు, తరవాత రెండోది. అల వచ్చి నడుముకి కొట్టింది. మోకాలు కాస్త వంగి ఆగింది. అవతల పడవలోంచి పినతండ్రి కొడుకు చూస్తున్నాడు.

"ఏరా తమ్ముడూ, చేపలా, నేనా? ఎవర్ని చూడ్డానికొచ్చావు?" అని అరిచాడు లజ్‌హర్.

వాడు పడవ తిప్పుకున్నాడు. మన్నూబియా ముఖం అటు పెట్టుకొని ముక్కు చీదింది.

దడి మధ్యలో మట్టలు కొన్ని ఊడి వేలాడుతున్నాయి. లజ్‌హర్ అటు వంగాడు.

"ఆ కొత్త మట్ట ఇటందుకో ఉస్తాద్. ఊరికే నిలబడితే చలేస్తుంది."

అందించాను.