గుహలో గంగమణి

ఫోను నిజామాబాద్ పెద్ద సబ్‌స్టేషన్ నుంచి వచ్చింది. లోడు ఎక్కువైంది, రెండు లైన్లల్ల ఒకటి బంద్ పెట్టు, ఏది పెడ్తవో నీ ఇష్టం, జల్ది కానియ్యి, నువ్వు చెయ్యకపోతే మేమే పైనుంచి రెండూ దించుతం అని చెప్పి అవుతలాయన పెట్టేసిండు. హన్మండ్లు రిసీవరు చేతుల పట్టుకోని అట్లనే నిలబడ్డడు.

వేరే రోజైతే ఇంత ఆలోచన ఎందుకు? బోధన్ అవతల ఆ సబ్‌స్టేషన్‌ల ఆపరేటరుగ చేరి ఏండ్లయింది. ఒక లైను ఊర్లల్ల బాయిలకాడి మోటర్లకు పోతది, ఇంకొకటి బోధన్ టౌన్‌ల సగానికి పోతది. ఎండకాలం ఇసొంటి ఫోన్లు కొత్తవి కావు. టౌన్ లైను దించుతడు, కూలర్లు ఆగిపోయి టౌనోళ్లు తిట్టుకుంటరు, గంటకు మళ్ల ఎక్కిస్తడు, అయిపాయె. కని ఇయ్యాల ఆ సగంలనే ఒక కంప్యూటర్ సెంటర్‌ల కూసోని ఆయన దోస్తు దేవదాస్ గుహలకు పోయి ఉన్నడు. అతని ఎంట గంగమణి ఉంది.

గుహ అంటే నిజం గుహ కాదు, కంప్యూటర్ ఆటల గుహ. గంగమణి అంటే నిజం గంగమణి కాదు. నిజం గంగమణి, హన్మండ్లు చెల్లె, మెదడువాపు జ్వరంతోని సచ్చిపోయి ఎనిమిదేండ్లయింది. ఆటల బొమ్మ కోసం ఇంత పరేషానా అని నవ్వేటోళ్లు నవ్వుకోండ్రి, వాళ్లతోని మనకేం పని లేదు. ఆ మధ్యాహ్నం హన్మండ్లుకు మాత్రం పానం గొంతులకు వచ్చింది.

తొంభై ఒకటిల హన్మండ్లు, దేవదాస్ నిజామాబాద్‌ల పాలిటెక్నిక్ చదివేటోళ్లు. హన్మండ్లుది మాక్లూర్ దిక్కు వ్యవసాయం చేసుకునే ఇల్లు. దేవదాస్ వాళ్లు మెథడిస్టులు, టౌన్‌ల చర్చి ఎనుకనే ఉండేటోళ్లు. దేవదాస్ మేనమామకు ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండె, దాంట్ల ఒకే ఒక్క కంప్యూటర్ ఉండె. ఎవరో ఇచ్చిపోయిన ఫ్లాపీల ఒక ఆట దొరికింది. వీటిని ఆర్‌పీజీలు అంటరు. మనమే మనుషులను పుట్టిచ్చి, పేర్లు పెట్టి, వాళ్లను దేశం మీద తిప్పి, కొట్లాడిపిచ్చి కథ నడిపే ఆటలన్నట్టు. అప్పటి ఆటల బొమ్మలెక్కడియి? నల్లటి తెర, తెల్ల గీతలు గోడలు, ఒక అక్షరం కదులుతుంటే అది రాక్షసుడు. ఏ సందుల ఏముందో గళ్ల కాయితం మీద మనమే గీసుకోవాలె.

గంగమణి అక్కడికి టైపు నేర్చుకోను వచ్చేది. వీళ్ల ఎనుక నిలబడి కొన్ని రోజులు చూసింది. ఇద్దరూ ఉరికి పోయి మీద పడ్తరు, దెబ్బ తింటరు, సస్తరు, మీకు మందు పెట్టేటోళ్లు ఒక్కరన్న ఉన్నరా అని అన్నను దబాయిచ్చి, కుర్చీల కూసోని తన పేరు తానే కొట్టి ఒక వైద్యురాలిని పుట్టిచ్చింది. ఆ రోజు సంది ముగ్గురిది ఒకటే జట్టు.

ఆ ఆటకు ఒక పాడు కాయిదా ఉండె. ఆడినకాడికి దాచుకునుడు ఊర్ల సత్రంలనే కుదురుతది. గుహలకు అడుగు పెట్టంగనే పోయినోళ్ల పేర్లను ఆట ఫ్లాపీల కెల్లి కొట్టేస్తది, పానంతోని బయటికి వస్తేనే మళ్ల రాస్తది. లోపల ఉండంగ కరెంటు పోయిందంటే అంతే సంగతి, ఆ మనుషులు ఇగ లేరు. ఫ్లాపీకి కాపీ తీసి దాచిపెట్టుకుంటే ఈ బాధ తప్పుతది గద అని దేవదాస్ అప్పుడే అన్నడు. గంగమణి ఒప్పుకోలేదు. అట్లయితే నాకు భయమెందుకు, భయం లేకుంటే మీకు నా మందెందుకు అన్నది. కాపీ తీసుడు లేదని ముగ్గురు ఒట్టు పెట్టుకున్నరు.

ఆమె పోయినంక ఇద్దరూ ఏడాదికి రెండు మూడు సార్లు కూసోని ఆడేటోళ్లు. గంగమణికి దెబ్బ తగిలితే చాలు, హన్మండ్లు అందరినీ తీసుకోని బయటికి వచ్చేసేటోడు. ఇన్నేండ్లల్ల ఆమెను పోగొట్టుకోలేదన్న సంగతి ఆయనకు లోపల్లోపల పెద్ద ధైర్యం.

తర్వాత దేవదాస్ బోధన్‌ల కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్నడు, హైదరాబాద్ నుంచి సీడీలు తెచ్చి కొత్త ఆర్‌పీజీల మీద పడ్డడు. ఇద్దరికీ లొల్లి మొదలైంది. చాయ్ హోటల్‌ల కూసుంటే అదే ముచ్చట. కొత్త ఆటల ఎటు పోవాలెనో బాణం చూపిస్తది, ఎవరితోని మాట్లాడాలెనో వాని నెత్తి మీద గుర్తు మెరుస్తది, అడుగడుక్కు దాచుకోవచ్చు, గిది ఆటనా సర్కసా అని హన్మండ్లు అనేటోడు. దేవదాస్ తక్కువోడేం కాదు. నీ పాత ఆటల మనిషంటే ఒక పేరు, నాలుగు అంకెలు, గంతే. నా ఆటల ఎంట నడిచేటోళ్లు అలుగుతరు, తిడ్తరు, వాన పడితే వానల తడుస్తరు, వాళ్ల బతుకు కథ చెప్తరు. నువ్వు గొప్పగ చెప్పుకునే ఆ భయం, మిషన్‌ల జాగ లేక వచ్చిన భయం, దాన్ని దేవుణ్ణి చేసి కూసున్నవ్ అని ఎదురు తిరిగేటోడు.

ఇందుల నిజం లేకపోలేదు. హన్మండ్లు కూడ ఆ సెంటర్‌ల కూసోని కొత్తది ఆడిండు. దాంట్ల జట్టుల నడిచే ఒకామె, హన్మండ్లు పైసలకు ఆశపడి ఒక ఊరిని దొంగలకు అప్పజెప్పితే, మొకం మీద ఉమ్మేసినంత పని చేసి జట్టు ఇడిచి పోయింది. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లారి దాచుకున్నకాడికి ఎనుకకు పోయి, ఈసారి ఊరిని కాపాడిండు. ఆమె ఏం కానట్టు నవ్వుకుంట పక్కన నిలబడ్డది. అప్పటి సంది ఆమె మొకం చూడబుద్ధి కాలేదు, ఆ సీడీ మళ్ల ముట్టలేదు.

మొన్న ఆదివారం లొల్లి ముదిరింది. నీ పాత ఆటల ఆఖరి గుహ ఒక్కటే మిగిలింది గద, దాన్ని నేను ఒక్కణ్ణే కొట్టి చూపిస్త, అండ్ల అంకెలు తప్ప ఏం లేదని నువ్వే ఒప్పుకుంటవ్ అన్నడు దేవదాస్. హన్మండ్లుకు రోషం వచ్చింది, పో అన్నడు. సెంటర్‌ల యూపీఎస్ బ్యాటరీ కరాబైందని ఇద్దరికీ తెలుసు. అందుకే పొద్దుగాల డ్యూటీ ఎక్కంగనే హన్మండ్లు ఫోన్ చేసి, ఇయ్యాల నాలుగు దాక టౌన్‌ల కరెంటు పోదు, నాది జిమ్మా, చెల్లెను పైలంగ తీసుకపో అని చెప్పిండు.

ఇగ మీట మీద చెయ్యి ఎట్ల పోతది చెప్పండ్రి.

మరి బాయిల లైను దించుదామంటే, గేటుకాడ యాపచెట్టు కింద లక్ష్మవ్వ కూసోని ఉంది. ఆమెకు చెరుకు తోట, కొత్తగ పెట్టింది, లైనుకు ఆఖర్ల ఉన్న చేను. బాయిలకు కరెంటు వంతుల మీద ఇస్తరు, పోయిన వంతు, అంతకుముందు వంతు ట్రాన్స్‌ఫార్మరు కాలి ఆమె చేను తడవనే లేదు. ఇయ్యాల దాటితే మళ్ల ఎన్నడో, అప్పటికి మొలకలు మాడిపోతయి. మొగుడు లేడు, ఉన్నదంతా ఆ తోటనే. మోటరు పెట్టి నడిచి వచ్చి, కరెంటు నాలుగు దాక ఉంటదా అని అడిగితే ఉంటదవ్వా అన్నడు హన్మండ్లు. ఉంటదన్నంక పోవాలె గద, పోలేదు.

"నేన్ గీడ కూసుంటే నీ శెయ్యి దాని మీదికి పోదు బిడ్డా," అన్నది.

ఒక్క పొద్దుగాలే ఇద్దరికి మాట ఇచ్చి కూసున్నడు మహానుభావుడు.

ముందు దేవదాస్‌ను గుహల కెల్లి బయటికి రమ్మందామని సెంటర్‌కు ఫోన్ కొట్టిండు. ఎంగేజు. మళ్ల కొట్టిండు. ఎంగేజే. అప్పుడు యాదికి వచ్చింది, అక్కడ ఎవడన్న ఇంటర్నెట్ పెట్టుకుంటే అదే ఫోన్ తీగ మీద నడుస్తది, వాడు లేచేదాక ఫోన్ కలువది. ఎవని పరీక్షల రిజల్ట్సో, ఎవని నౌకరి దరఖాస్తో, వాని కడుపు కాల, వాడు లేస్తలేడు. హన్మండ్లు నంబరు తిప్పుకుంటనే ఉన్నడు, చెమటకు రిసీవరు జారుతున్నది.

బాయిల లైను దించితే ఎవడు అడుగుతడు అనిపిచ్చింది. రైతులకు కరెంటు పోవుడు కొత్తనా? నిజామాబాద్ కెల్లి వచ్చింది అవ్వా, నా చేతుల లేదు అంటే ఆ ముసలామె నమ్ముతది. ఏది దించాలెనో నీ ఇష్టం అన్నరన్న సంగతి ఆమెకు ఎట్ల తెలుస్తది? తిట్టను కూడ తిట్టది, కొంగు దులుపుకోని లేచి పోతది. ఈ ఆలోచన ఎంత అల్కగ వచ్చిందో చూసుకోని హన్మండ్లుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా చెయ్యి బాయిల మీట దిక్కే పోయింది, అబద్ధం ఎందుకు.

ఫోను మళ్ల మోగింది. నిజామాబాదే. ఏమయ్యా నిద్రపోతున్నవా, రెండూ దించుతున్నం అన్నరు. ఒక్క నిమిషం సార్ అన్నడు. కిటికీల కెల్లి చూస్తే లక్ష్మవ్వ ఇటే చూస్తున్నది. ఆమె మొకంల అనుమానం లేదు, ఏం లేదు. ఉంటదని చెప్పిండు గద, ఉంటది, అంతే.

హన్మండ్లు టౌన్ లైను దించిండు.

దించి, స్టూలు మీద కూలబడి, రెండు చేతులల్ల మొకం పెట్టుకోని ఏడ్చిండు. అప్పుడు దవాఖానల చెల్లె కండ్లు మూసినప్పుడు అమ్మను, బాపును పట్టుకునుడుతోనే సరిపోయింది, తను ఏడ్వలేదు. ఆ ఏడుపంతా ఇప్పుడు వచ్చింది. అప్పుడు జ్వరం తీసుకపోయింది, ఇప్పుడు నేనే పంపిన అనుకున్నడు. నాలుగైనంక లక్ష్మవ్వ లేచి, తోట తడిసి ఉంటది బిడ్డా, పోయొస్త అని కేకేసి చెప్పి పోయింది. టౌన్ లైను అప్పటికే మళ్ల ఎక్కిచ్చిండు.

పొద్దు గూకుతుండంగ దేవదాస్ స్కూటర్ మీద వచ్చిండు. రెండు దెబ్బలు కొడ్తడు, కొట్టనీ అని హన్మండ్లు ఎదురుంగ పోయి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పిండు. దేవదాస్ కోపానికి రాలేదు. అంగీ జేబుల కెల్లి ఒక ఫ్లాపీ తీసి చూపెట్టిండు.

"మొకం అట్ల పెట్టకు. గంగమణి దీంట్ల ఉంది. లోపలికి పోకముందే కాపీ తీసిన."

హన్మండ్లుకు ముందు ఆ మాట తలకు ఎక్కలేదు. ఎక్కినంక, ఎప్పటి సంది అని అడిగిండు. దేవదాస్ కిందికి చూసుకుంట చెప్పిండు. గంగమణి పోయిన ఏడాది నుంచే తీస్తున్నడట. ఒకసారి హన్మండ్లు చాయ్ తెద్దామని బయటికి పోయినప్పుడు ఆటల గంగమణి సచ్చిపోయింది. చాయ్ వచ్చేటాళ్లకు కాపీ పెట్టి లేపిండు. తర్వాత ఇంకా కొన్ని సార్లు లేపిండు. ఒక్కసారన్న చెప్పేంత గుండె లేకపాయె అన్నడు.

హన్మండ్లుకు ఒళ్లంతా మండింది. ఏండ్లకేండ్లు చాయ్ హోటల్‌ల పాత ఆట, పాత ఆట అని గొంతు చించుకున్నదంతా కండ్ల ముందుకు వచ్చింది. తను పానాలు అరచేతుల పెట్టుకోని కాపాడిన అనుకున్న చెల్లె, ఆ సీడీల ఆమె లెక్కనే ఏం కానట్టు మళ్ల మళ్ల వచ్చి నిలబడ్డదన్నమాట. తిడదామని నోరు తెరిచిండు. వచ్చింది వేరే మాట.

"లోపల ఆమె ఉందని తెలిసే దించిన దేవదాస్," అన్నడు. "ఆ ముసలామెకు నేను ఇచ్చింది అదొక్కటే. నువ్వు ఇప్పుడు లేపితే, నేను ఇచ్చింది ఏముంది? గంగమణి పోయింది. పోనియ్యి."

దేవదాస్ ఫ్లాపీని రెండు చేతులతోని పట్టుకోని నిలబడ్డడు.

"నువ్వు పంపినవ్," అన్నడు. "నేను పంపలే."

హన్మండ్లు తలెత్తి దేవదాస్‌ను చూసిండు. ముప్పై రెండేండ్లొచ్చినా ఇంట్ల పెండ్లి మాట ఎత్తనియ్యని మనిషి, ఎందుకురా అంటే ముచ్చట మార్చేసే మనిషి. ఆ కాపీలు ఎవరి కోసమని ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న అనుమానం రాలేదు, ఆమె పోయిన బాధ అన్నగ తనొక్కనిదే అన్నట్టు బతికిండు. అడుగుదామనుకున్నడు. అడిగి ఏం చేస్తడు, ఆమెకు తెలుసో తెల్వదో, ఇప్పుడు ఎవరు చెప్తరు?

"ఉంచుకో," అన్నడు. "నా ముంగట మాత్రం లేపకు."

దేవదాస్ తల ఊపి, ఫ్లాపీని జేబుల పెట్టుకోని, జేబు గుండీ పెట్టుకున్నడు.