బంగారు రంగు ఐదున్నర

నేను ఒక మీటను. గోడకు బిగించే మీటను కాదు. ఫోను తెర మీద బంగారు రంగులో మెరుస్తూ, వేలు తగిలితే చాలు మోగే మీటను. నా పేరు ఐదున్నర.

పాడేవాళ్లకు నేనెవరో చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. హార్మోనియం మీద శ్రుతులను ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెడతారు. ఒకటిన్నర, ఐదున్నర లాంటివి వాటి మధ్య ఉండే నల్ల మెట్లు. పాడే ఆడవాళ్లలో చాలామంది గొంతు సరిగ్గా నా దగ్గరికి వచ్చి కుదురుతుంది. ఐదులో పాడితే కింది స్వరం వినపడదు, ఆరులో పాడితే పై స్వరం చీలిపోతుంది. అందుకే నేనంటే అంత గిరాకీ!

నన్ను చేసింది హైమ అనే అమ్మాయి, కూకట్‌పల్లిలో రెండు గదుల ఇంట్లో. నేను మొదటిసారి మోగినప్పుడు వంటింట్లో ఉన్న వాళ్లమ్మను పిండి చేతులతోనే లాక్కొచ్చి వినిపించింది. అంత సంబరంగా పుట్టిన మీట ఇంకోటి ఉండదనుకుంటాను. తర్వాత ఆమె ఆ యాప్‌ను ఒక పెద్ద కంపెనీకి ఇచ్చేసింది. వాళ్లు తెల్ల మెట్లను ఉచితంగా వదిలేసి, నల్ల మెట్లు మాత్రం కొనుక్కోవాలన్నారు. నాకు బంగారు పూత పూసింది వాళ్లే. నిజం చెప్పొద్దూ, నాకు భలే గర్వంగా ఉండేది.

అలా నేను రేపల్లెలో దైవాధీనం ఫోనులోకి వచ్చాను. ఆయన ముప్పై ఏళ్లు పద్యనాటకాలకు హార్మోనియం వాయించాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక మెట్టు నొక్కడం, తిత్తితో గాలి కొట్టడం రెండూ ఒక్క చేత్తో కుదరలేదు. కొత్త హార్మోనిస్టును చూసుకుందామని నాటక సమాజం మేనేజరు కోటిలింగం అంటే, రాణి వేషం వేసే బసవకుమారి ససేమిరా అంది. తనే నన్ను కొని ఆయన ఫోనులో పెట్టించింది. శ్రుతి నేను పట్టుకుంటాను, పద్యం ఆవిడ చూసుకుంటుంది, ఆయన ఎడమ వేలితో నన్ను నొక్కితే చాలు.

"సరే, పొన్నూరు పోటీల దాకా చూద్దాం," అన్నాడు కోటిలింగం. "అక్కడ తేడా కొడితే మాత్రం ఏరేవాళ్లని పెట్టుకుంటా. మళ్లా నన్ననబాకండి."

ఆయన ముప్పై ఏళ్ల చోటు నిలబెట్టే భారం నా మీద పడింది. నెలరోజుల రిహార్సల్స్‌లో ఒక్కసారి కూడా తడబడలేదు నేను. పోటీ రోజు పొద్దున ఇంట్లో కూడా ఖంగున మోగాను.

పదకొండింటికి తెర లేచింది. హాలు కిటకిటలాడుతోంది. నాలో ఉత్సాహం పొంగిపోతోంది! దైవాధీనం అలవాటు కొద్దీ తన హార్మోనియం పెట్టె వెనకే కూర్చుని నన్ను మైకు ముందు పెట్టుకున్నాడు, బసవకుమారి కిరీటం సర్దుకుని ముందుకొచ్చింది. ఆయన నన్ను నొక్కాడు. నేను మెరిశాను. మోగలేదు.

మళ్లీ నొక్కాడు. ఈసారి నాలోంచి హుషారైన గొంతు ఒకటి వచ్చింది. "మీ గొంతుకు సరిపోయే ఐదున్నర, ఒకే ఒక్క నొక్కుతో!"

మైకులో అది హాలంతా వినపడింది. జనం గొల్లున నవ్వారు.

ఆ పొద్దునే కంపెనీలో ఎవరో నల్ల మెట్ల శబ్దాలు దాచిన కంప్యూటర్‌ను దండగ అని ఆపేశారట. నా ప్రకటన తయారుచేసేవాళ్లు పై అంతస్తులో ఉంటారు. కింద నన్ను ఆపేసిన సంగతి పైకి చేరలేదు, చేర్చాలని ఎవరికీ తోచలేదు. మనుషులు నాలాంటి వాటిని ఎంత శ్రద్ధగా చేస్తారో, అంత నిశ్చింతగా మరిచిపోతారు. నాకు సిగ్గుతో తెర పగిలిపోతే బాగుండుననిపించింది.

"ఆరులో అందుకోమ్మా," అని పక్క నుంచి కోటిలింగం గుసగుసగా అన్నాడు.

బసవకుమారి కదల్లేదు. దైవాధీనం వైపే చూస్తూ నిలబడింది. ఎదురుగా న్యాయనిర్ణేతలు గడియారం చూసుకుంటున్నారు.

మెట్టు మీద బరువు పెట్టి శ్రుతి మోగించడం చేతగానివాళ్ల పని అని దైవాధీనం శిష్యులను ఎన్నిసార్లు కసిరాడో లెక్కలేదు. ఆ దైవాధీనమే ఇప్పుడు ఎడమచేత్తో నన్ను, అంటే నేనున్న ఫోనును, ఎత్తాడు. దాని మూలను ఐదున్నర నల్ల మెట్టు మీద నిలబెట్టి, పై అంచును పెట్టె చెక్కకు ఆనించాడు. మెట్టు కిందికి దిగింది. ఆ చేత్తోనే గాలి కొట్టాడు.

మోగింది! నా కింద నుంచి, నా ఒళ్లంతా అదిరేలా మోగింది! హైమ గదిలో కూడా అంత నిండుగా వినలేదు నన్ను నేను. బసవకుమారి అందుకుంది. పద్యం చివర రాగం తీస్తుంటే నవ్వినవాళ్లే లేచి నిలబడి వన్స్‌మోర్ అన్నారు. ఆవిడ మళ్లీ పాడింది. దైవాధీనం చొక్కా తడిసిపోయింది, గాలి మాత్రం ఆపలేదు.

నాటకం అయ్యాక కోటిలింగం పెట్టె దగ్గరకొచ్చాడు. "వచ్చే నెల చిలకలూరిపేటకి ఫారం పంపాల బాబాయ్. హార్మోనియం అన్నకాడ నీ పేరే రాస్తన్నా."

"ఒంటిచేతోడి పేరేందిరా అంటారేమో చూసుకో."

"అంటే అననీ. శ్రుతి తప్పిందని మాత్రం అనలేరుగా."

దైవాధీనం భుజం మీద తువ్వాలుతో నన్ను తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

బసవకుమారి కంపెనీకి ఫిర్యాదు రాసింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని జవాబొచ్చింది. నా శబ్దం తిరిగి రాలేదు, ప్రకటన ఆగలేదు. నాకు మాత్రం రోజూ పనే! నిన్న సాయంత్రం రిహార్సల్ మొదలయ్యేసరికి ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది. తెర నల్లబడింది, బంగారు పూత లేదు, నేను ఎవరికీ కనిపించను. దైవాధీనం అది గమనించనైనా లేదు. ఎప్పటిలాగే ఫోను మూలను మెట్టు మీద నిలబెట్టి గాలి కొట్టాడు. బసవకుమారి కళ్లు మూసుకుని ఐదున్నరలో అందుకుంది.