మగవాళ్ళ చాయ్‌ఖానా

రెండో వాయికి క్యారట్లు ఇంకా సగం బస్తా మిగిలే ఉన్నాయి. పులావు కళాయి దగ్గర గరిటె తిప్పి పేరు కొట్టేసేది మగవాళ్ళు. ముందు తరగడం, తర్వాత అంట్లు తోమడం ఆడవాళ్ళ వంతు. ముయస్సర్ పొద్దుటి నుంచి లోపలి వాకిట్లో కూర్చుని తరుగుతూనే ఉంది. పరదాకు అవతల, పెద్ద వాకిట్లో పేట మగవాళ్ళంతా చేరి తింటున్నారు. ఆమె భర్త ఇస్మతుల్లా పెడుతున్న దానభోజనం అది.

సమర్‌ఖండ్ పాతపేటలో మట్టి ఇళ్ళు కొని, కూలగొట్టి, అంతస్తులు లేపి అమ్మడం ఇస్మతుల్లా వ్యాపారం. కట్టబోయే ప్రతిసారీ ముందు ఒక దానం చేస్తాడు. కిందటిసారి మసీదు నిండా తివాచీలు పరిచాడు, ఆ నెలలోనే ఆ వీధివాళ్ళు ఇళ్ళు అమ్మేశారు. "ముందు ఇవ్వాలోయ్, తర్వాత అడగాలి. మన చేత్తో తిన్నాక మొహమాటానికైనా కాదనరు" అంటాడు. ఆ పుణ్యానికి కళాయిలు తోమి తోమి ఆమె గోళ్ళు అరిగిపోయాయి. ఈసారి అతని కన్ను ముయస్సర్ పుట్టింటి వీధి మీద పడింది. అక్కడివాళ్ళు ససేమిరా అంటున్నారు.

ఆ వీధిలోనే వాళ్ళమ్మ ఇల్లు ఉంది. మంచాన పడ్డ తల్లికి పోయేదాకా చాకిరీ చేసింది కూతురే కనుక ఇల్లు ముయస్సర్‌దేనని ఆమె అన్న నలుగురిలో ఒప్పుకున్నాడు. రెండు గదులు, వాకిట్లో దానిమ్మ చెట్టు, గోడవారన అమ్మ బట్ట బిగించి కుట్టుపని చేసిన చట్రాలు. కొడుకు పెళ్ళయ్యాక రోజూ కాసేపు అక్కడికి వెళ్ళి ఆడపిల్లలకు కుట్టు నేర్పాలని ఆమె ఆశ. ఇంత కాపురంలో తనకోసమని దాచుకున్నది అదొక్కటే. పైకప్పు బాగుచేయించమని ఎప్పుడడిగినా, "నీదేమిటి, నాదేమిటి, అంతా ఒకటే కాదూ?" అనేవాడు ఇస్మతుల్లా. అది ప్రేమ అనుకుంది, పిచ్చిది.

పరదా అవతల పేటపెద్ద గొంతు లేచింది. "వినండయ్యా! మగవాళ్ళం నలుగురం కూర్చోడానికి చోటు లేదని మన ఇస్మతుల్లా ఏకంగా ఇల్లే ఇచ్చేస్తున్నాడు. వాళ్ళ అత్తగారి ఇల్లు! చాయ్‌ఖానా పెట్టుకుందాం."

ముయస్సర్ చేతిలో కత్తి ఆగిపోయింది. పక్కింటి సంబర్ ఆమె భుజం తట్టింది. "అదృష్టమంటే నీదే వదినా. మా ఆయనైతే విరిగిన పీట కూడా ఎవరికీ ఇవ్వడు!"

"అత్తయ్యా, అది నా ఇల్లు" అంది ముయస్సర్, ఎదురుగా ఉల్లిపాయలు తరుగుతున్న ఇస్మతుల్లా తల్లితో. "నాతో ఒక్క మాటైనా అనలేదు."

"నీతో అనేదేమిటే? పుణ్యంలో సగం నీకు రాదూ?"

"చాయ్‌ఖానా అయితే నేనిక గడప కూడా తొక్కలేను."

"మగాళ్ళు చాయ్ తాగేచోట నీకేం పని? రొట్టెలు ఇక్కణ్ణుంచే పంపిద్దువుగాని. నోర్ముయ్, దువా మొదలవుతోంది."

పెట్టిన అన్నం ముందు చేతులెత్తి అందరూ ఆమీన్ అన్నారంటే ఆ దానం ఇక తిరిగి రాదు. ఆలోపే కాదనాలి. ముయస్సర్ లేచి వెళ్ళి పరదా తీసింది. ముందు వరుసలో ఆమె అన్న కూర్చుని ఉన్నాడు. చెల్లెల్ని చూసి, పులావు పళ్ళెంలోకి తల దించేశాడు. సాక్ష్యం చెప్పాల్సిన ఒక్క మనిషీ తింటున్నాడు. ఇస్మతుల్లా మాత్రం ఆమెను చూసి మొహం చాటంత చేసుకున్నాడు.

"అదుగో, వచ్చింది! ఇద్దామన్నది మా ఆవిడేనండీ."

"దేవుడు మీ అమ్మకు స్వర్గమివ్వాలి తల్లీ!" అన్నారు ముసలివాళ్ళు. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఇప్పుడు కాదంటే భర్త అబద్ధాలకోరు కాడు, తనే ఇచ్చి వెనక్కి లాక్కునే మనిషవుతుంది.

ఇమాం చేతులెత్తాడు. "దేవుడా, ఈ దానాన్ని స్వీకరించు."

క్యారట్ రంగంటిన చేతులు ముయస్సర్ కూడా ఎత్తింది. 'స్వీకరించకు దేవుడా, ఇది నేనివ్వలేదు' అని లోలోపలే వేడుకుంది.

వాకిలంతా ఒక్క గొంతుతో ఆమీన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది ఇస్మతుల్లా.