రెండు వేల వాట్ల పొయ్యి

ఆ ఏడాది దేవకృపకు ఉన్నది ఒకటే కోరిక. వాళ్ళ నాన్న ఒక్క పూటైనా కడుపునిండా తినాలి. ఇదీ ఒక కోరికేనా అనుకుంటాం. ఇంట్లో ఉండేదే ఇద్దరై, అందులో ఒకరు తిననని మొండికేస్తే అప్పుడు తెలుస్తుంది.

నాన్న పేరు యేసురాజు. కంటోన్మెంటులో ఒక మెస్సులో జీవితమంతా బొగ్గుల మీద మాంసం కాల్చిన మనిషి. చర్చిలో ఎవరి పెళ్ళి కుదిరినా పాస్టరుగారికంటే ముందు ఈయనకే కబురొచ్చేది. ఆ పొగే చివరికి ఊపిరితిత్తుల్ని తినేసింది. ఇప్పుడు నేరేడ్‌మెట్‌లో రెండు గదుల పోర్షన్‌లో, ముక్కుకు గొట్టం తగిలించుకుని, గుర్రుమనే ఆక్సిజన్ మిషను పక్కన మంచం మీద కూర్చుంటాడు. బొగ్గుల పొయ్యి ఆ ఇంటి గడప దాటకూడదన్నాడు డాక్టరు. మిషను నడుస్తున్నంతసేపు దగ్గర్లో మంటే ఉండకూడదన్నాడు. అన్నీ చెప్పిన ఆ మహానుభావుడు, పొయ్యి పోతే ఈ మనిషి తిండే మానేస్తాడని మాత్రం చెప్పలేదు.

దేవకృప చెయ్యని వంట లేదు. చారన్నం మెత్తగా కలిపిపెడితే రెండు ముద్దలు, కోడిపులుసైతే ఒకటి. ఎందుకు తినవు నాన్నా అంటే గోడవైపు తిరిగేవాడు. మనిషి సగమైపోయాడు. ఇలాగైతే కష్టమమ్మా అని డాక్టరు గొంతు తగ్గించి చెప్పిన రోజు, ఆమె బేగంపేటలో తన ఆఫీసులో ఫైళ్ళు ముందేసుకుని ఏడ్చింది. పక్క సీటు కాంతమణి సంగతి విని, పొగ రాని కరెంటు గ్రిల్లులు వచ్చాయి కదా, ఒకటి కొను, కాలిన ముక్క వాసన తగిలితే ఆకలి దానంతటదే లేస్తుంది అంది. దేవుడే ఆవిడ నోట పలికించాడనుకుంది దేవకృప.

రెజిమెంటల్ బజార్‌లో సదాశివ దుకాణానికి వెళ్ళింది. అతను రెండు గ్రిల్లులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్నది, ఎనిమిది వందల వాట్లు. రెండోది రెండు వేల వాట్లు, మందపాటి ఇనుప పలక, కింద నూనె కారడానికి ట్రే. ఇంట్లో ఎంతమందని అడిగి, ఇద్దరేనని విని, "గీ చిన్నది సాలు మేడం. పెద్దది తీస్కపోయి పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. నిజానికి మంచిమాటే చెప్పాడు. ఆమె చిన్నదే తెచ్చింది.

పచ్చి బొప్పాయి గుజ్జు, అల్లం, పెరుగు పట్టించిన ముక్కలు దాని మీద పెడితే నీళ్ళూరాయి, తెల్లబడ్డాయి, ఎంతసేపున్నా ఎర్రబడలేదు. యేసురాజు ఒక ముక్క కొరికి, మిగతాది పళ్ళెం అంచున మర్యాదగా పెట్టేశాడు. ఇది ఉడికిందమ్మా, కాలలేదు అన్నాడు. కోప్పడినా బాగుండేది. కానీ ఆ వెంటనే ఆయన మంచం దిగాడు. గొట్టం సాగినంతవరకు వచ్చి, గ్రిల్లు పైన అరచెయ్యి చాపి చూసి, వేడి చాలదు, ఇంతకంటే పెద్దది లేదా అని అడిగాడు. నెలల తరబడి నోరు విప్పి ఏదీ అడగని మనిషి! దేవకృపకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మర్నాడే పరుగెత్తింది. వాడిన సరుకు ఎట్ల తీస్కుంటా అని సదాశివ గొణిగాడు గానీ, నాన్న సంగతి విన్నాక మారుమాట్లాడకుండా మార్చి ఇచ్చాడు.

పెద్దదాన్ని పెట్టి స్విచ్చి వేసింది. ఎర్ర దీపం వెలిగింది. పలక వేడెక్కుతుండగానే ఇల్లంతా ఆరిపోయింది, మిషను కీచుమంది, యేసురాజు గుండె పట్టుకుని కూర్చున్నాడు. ఇంటి ఓనరు భద్రయ్య కింద నుంచి వచ్చి ఫ్యూజు వేసి విషయం తేల్చాడు. పోర్షన్ మొత్తానికి ఉన్నది ఒకటే పాత వైరు. దాని మీద మిషనన్నా నడవాలి, ఈ పొయ్యన్నా నడవాలి. రెండూ అంటే కుదరదు, ఫ్యూజులో లావు తీగ వేస్తే కొంపే అంటుకుంటుంది. నా ఖర్చుతో కొత్త లైను వేయించుకుంటా అని దేవకృప బతిమాలింది.

"ఇల్లు అన్నదమ్ముల పంచాయితిల ఉన్నది బిడ్డా. కోర్టు తేల్చేదాంక గోడకు మేకు సుత కొట్టరాదు" అన్నాడాయన. అంటున్నప్పుడు ఆమె మొహం చూడలేక నేల చూశాడు.

ఎవరి మీద అరవాలి? తప్పు చేసినవాడు ఒక్కడు దొరికినా కాస్త కడుపుమంట చల్లారేది. పొయ్యి నడిచే ఆ కాసేపటికి మిషను బదులు ఆక్సిజన్ సిలిండరు తెప్పిద్దామంటే యేసురాజు ససేమిరా అన్నాడు. ఆయన భార్య రోసమ్మ ఆస్పత్రిలో సిలిండరు పక్కనే కన్నుమూసింది. అది గదిలోకి వస్తే తాను వీధిలోకి పోతానన్నాడు.

"మిషను ఆపు కృపా. పావుగంట చాలు."

ఆపనంది. చంపినా ఆపనంది. ఆయనేమీ గొడవ పడలేదు. అప్పటిదాకా తింటున్న రెండు ముద్దలూ మానేశాడు. ఆమె తిట్టింది, దండం పెట్టింది, పళ్ళెం పట్టుకుని మంచం చుట్టూ తిరిగింది. ఆ ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఈమెకు ఏమని అడగాలో కూడా తోచలేదు. ఊపిరి అడగాలా, ఆకలి అడగాలా? ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా వెళ్ళి మిషను ఆపేసింది.

గది ఒక్కసారిగా చప్పబడింది. యేసురాజు గొట్టం తీసి పక్కన పెట్టి, లుంగీ సర్దుకుని లేచాడు. పలక కాగేదాకా స్టూలు మీద కూర్చుని ముక్కల్ని వేళ్ళతో కలిపాడు. మొదటి ముక్క చుయ్యిమనగానే ఆయన వీపు నిటారైంది. తిప్పుతున్నాడు, నొక్కుతున్నాడు, ఉల్లిపాయలు ఇటివ్వు, నిమ్మకాయ కొయ్యి అని పురమాయిస్తున్నాడు. అరె, ఇది మా నాన్నే అనుకుంది దేవకృప, సంతోషం పట్టలేక. మరుక్షణం ఆయన పెదాల రంగు చూసింది.

"చాలు నాన్నా."

ఆయన వేలు చూపించాడు. ఇంకొక్క నిమిషం. మాట రావడం లేదు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, చెయ్యి మాత్రం తడబడలేదు. ముక్కల్ని ఒక్కొక్కటే పళ్ళెంలోకి తీసి, పైన నిమ్మకాయ పిండి, ఆ తర్వాతే స్టూలు మీద వాలిపోయాడు. ఆమె పొయ్యి తీగ లాగేసింది, మిషను వేసింది, గొట్టం పెట్టింది, వీపు రాసింది. ఏడుస్తూనే రాసింది. చాలాసేపటికి ఆయన మొహంలోకి రంగు వచ్చింది.

అప్పుడు అన్నిటికంటే మెత్తటి ముక్క ఏరి, ఊది, ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాడు. ఊపిరి పీల్చాలి, నమలాలి, రెండూ కలిపి చేసే ఓపిక ఆ మనిషిలో లేదని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"నీకోసమే కదా నాన్నా ఇదంతా."

"నేనెప్పుడు తిన్నానే పిచ్చిదానా. పెట్టేవాణ్ణే కదా" అన్నాడు ఆగి ఆగి. "నువ్వు తిను."

దేవకృప తింది. పైన ఎర్రగా కరకరలాడుతూ లోపల వెన్నలా ఉంది, చిన్నప్పుడు మెస్సు నుంచి ఆకులో కట్టి తెచ్చిన రుచే. అంత రుచిగా ఉన్నందుకు తనమీద తనకే అసహ్యమేసింది. ఆయన కళ్ళార్పకుండా ఆమె నోరే చూస్తున్నాడు. ఉప్పు సరిపోయిందా అన్నాడు. సరిపోయిందంది. ఇంకో ముక్క తియ్యి అన్నాడు. తీసింది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా వదల్లేదు.

"వచ్చే ఆదివారం కీమా పట్టుకురా" అన్నాడు గొట్టం సర్దుకుంటూ. ఆ మొహంలో అంత కళ చూసి ఎన్నాళ్ళయిందో.

నోట్లో ఇంకా చివరి ముక్క ఉంది. దేవకృప తెస్తానని తలూపింది.