పసుపు పెట్టిన ఈల

నేను ఒక ఇత్తడి ఈలను. ప్రస్తుతం ఒక కొండ ఊరి ఠాణాలో, ఎవరూ అడగని వస్తువులు పడేసే రేకు పెట్టెలో ఉన్నాను. నా పక్కన తాళంచెవి లేని తాళం ఒకటి, పగిలిన కళ్లజోడు ఒకటి. ఎవరో వచ్చి తీసుకుపోతారని ముగ్గురమూ ఇంకా అనుకుంటూనే ఉంటాం. మనుషుల దగ్గర అంటించుకున్న జబ్బు ఇది.

నన్ను పోతపోసిన ఊరు గుర్తులేదు కానీ నిప్పు గుర్తుంది. నా పొట్టలో చిన్న బెండు గుండు వేసి మూశారు. అది గిరగిరా తిరిగితేనే నాకు గొంతు. అది కదలకపోతే నేను ఉత్త ఇత్తడి ముక్కను.

మొదట నన్ను కొన్నది విజయనగరంలో బస్సు కండక్టరు సన్యాసినాయుడు. నేనొక్క అరుపు అరిస్తే అంతటి బస్సూ ఆగిపోయేది. ఇంట్లో మాత్రం ఆయన మాట ఎవరూ వినేవారు కారు. అందుకేనేమో డ్యూటీలో నన్ను అంత గట్టిగా ఊదేవాడు. ఒక మధ్యాహ్నం టిక్కెట్లు కొడుతూ కొడుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆ తర్వాత నేను ఆయన భార్య పైడమ్మ చేతికి వచ్చాను.

పైడమ్మకు భయం ఊపిరిలాంటిది. కూతురు ఝాన్సీ స్నానాల గదిలో నాలుగు నిమిషాలు ఎక్కువ ఉన్నా తలుపు కొట్టేది. ఇంటికి అన్నం పెట్టిన వస్తువని నాయుడి ఈలను, అంటే నన్ను, దేవుడి గూట్లో పెట్టింది. ఏటా దసరాకు ఆయుధపూజ. అందరూ కత్తిపీటకూ కుట్టుమిషనుకూ ఒక బొట్టు పెట్టి ఊరుకుంటారు. పైడమ్మ అలా ఊరుకునే మనిషి కాదు. తడిపసుపు ఒళ్లంతా మెత్తి, గంధం పూసి, కుంకుమ అద్దేది. పాతది కడిగితే లక్ష్మి పోతుందని దాని మీదే కొత్తది. పదకొండు దసరాలు. నా సందులోంచి పసుపు లోపలికి జారి గట్టిపడుతుంటే, ఇదంతా ప్రేమే కదా అని ఊరుకున్నాను.

ఝాన్సీ రక్తపరీక్షలు చేసే చోట ఉద్యోగం చేసేది. మూడంతస్తులు ఎక్కితే ఆయాసపడే పిల్ల. బీరువా తలుపు లోపల పత్రికలోంచి చింపిన ఒక కాగితం అంటించుకుంది. మామూలు మనుషులు కూడా నడవగలిగిన కొండదారులు అందులో ఉన్నాయి. జపాన్‌లో దేవదారుల కింద పాత రాతిబాట, పోర్చుగల్‌లో సముద్రం అంచున దారి, నేపాల్‌లో మెట్లు. చివరన హిమాలయాల్లో ఒక పచ్చిక కొండ, మూడు రోజుల నడక. అన్నింటిలోకీ అదే దగ్గర.

"కాలిరిగితే మోసేవోడెవడే? మంచు కూలతాదంట. ఎలుగులుంటాయంట" అంది పైడమ్మ.

"అమ్మా, అరవయ్యేళ్లోళ్లు కూడా ఎక్కీసే కొండే అది. నాలాటోళ్ల కోసమే రాసేరు."

"రాసినోడు నిన్ను కన్నాడేటి?"

చివరికి పైడమ్మే దిగివచ్చింది. రోడ్డు ఆగిపోయే ఊరిదాకా తానూ వస్తానంది. బయల్దేరే ముందు నాకు మరోసారి పసుపు మెత్తి, నల్లతాడుతో పిల్ల మెడలో కట్టింది. ఝాన్సీ నన్ను నోట్లో పెట్టుకోబోతే చెయ్యి మీద ఒక్కటేసింది.

"ఇంట్లో ఈలెయ్యకూడదే, పాములొస్తాయి. ఆపదొస్తేనే ఊదు."

అలా నన్ను ఊది చూసినవాళ్లు లేరు.

ఝాన్సీ ఆ కొండ ఎక్కింది. ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను. ఆయాసపడుతూ, నవ్వుతూ, అందరికంటే వెనకగా ఎక్కింది. పైన నిలబడి ఎదురుగా ఉన్న తెల్లటి శిఖరాలను ఒక్కొక్కటిగా వేలితో లెక్కపెట్టింది. ఆమె గుండె చప్పుడు నా ఇత్తడికి తగిలింది.

ఆఖరి రోజు దిగేటప్పుడు బూటు తాడు ఊడింది. కట్టుకుని లేచేసరికి పొగమంచు కమ్మేసింది. ముందువాళ్లు కనబడలేదు. గొర్రెలు తొక్కిన బాటను అసలు దారి అనుకుని పది అడుగులు వేసింది. పదకొండో అడుగు కింద నేల లేదు.

వాగు పక్కన పడింది. కాలు విరిగింది, ప్రాణం ఉంది. కాసేపటికి పైనుంచి పిలుపులు వినబడ్డాయి. నలభై బారల దూరం కూడా లేదు. ఆమె అరుపు వాగు హోరులో కలిసిపోయింది. నన్ను నోట్లో పెట్టుకుని బలమంతా కూడగట్టి ఊదింది.

నేను పలకలేదు.

మళ్లీ ఊదింది. రాయికేసి కొట్టింది. నా సందులోకి చూసింది. పచ్చగా, రాయిలా ఉంది లోపల. కొంకర్లు పోయిన వేళ్లతో గోకి, ఏడవబోయి నవ్వింది. "ఎంత పసుపు పెట్టేవే అమ్మా" అంది. పైన పిలుపులు దూరమయ్యాయి.

ఆ తర్వాతి చలి సంగతి నేను చెప్పను.

ఆమె పడిన మూడో రోజు పొద్దెక్కాక వెతికేవాళ్లలో ఒకతను దిగివచ్చాడు. పేరు గోవింద్ నేగీ. ఆమె కళ్లు మూసి, మీద కంబళి కప్పి, నన్ను మెడలోంచి తీశాడు. పైవాళ్లకు చోటు తెలియజెయ్యాలి. నన్ను ఊదాడు. పలకకపోతే ముల్లుతో పసుపంతా తవ్వి, వాగులో జాడించి మళ్లీ ఊదాడు.

పలికాను. పదకొండేళ్ల తర్వాత, లోయంతా మోగేలా పలికాను. ఆ క్షణంలో నన్ను కరిగించి పారేసినా బాగుండేది.

ఆ మోత కింది ఊరిదాకా వెళ్లింది. నేగీ నన్ను జేబులో వేసుకుని, మిగతావాళ్లకంటే ముందుగా దిగడానికి గంట పట్టింది. ఊరి మొదట్లో పైడమ్మ నిలబడి ఉంది. ఆ గంటలో ఆవిడ నీళ్లు కాగబెట్టింది. పక్క పరిచింది. పొడి బట్టలు పొయ్యి దగ్గర వేడిచేసి మడత పెట్టింది. భాష తెలియని ఊళ్లో ఇంటింటికీ తిరిగి, "మా గుంట ఈలేసింది, ఇన్నారా, మా గుంటే" అని చెప్పి వచ్చిందట. జన్మలో మొదటిసారి ఆవిడ ముఖంలో భయం లేదు.

నేగీకి తెలుగు రాదు. అతడు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

పైడమ్మ అతణ్ణి దాటి, వెనక ఉన్న దారిలోకి తొంగిచూసింది.

"నడవలేకపోతందా బాబూ? మెల్లగానే రమ్మను. నీళ్లు సల్లారవులే."