వెల్లుల్లి ఉండలు

మా ఆయన మాటను మా ఊళ్లో ఎవరూ తీసెయ్యరు. అదే మా కొంప ముంచింది.

ఆయన పేరు వీరభద్రరాజు. భీమవరం అవతల రొయ్యల చెరువులు చేసేవాళ్లలో ఆ పేరు తెలియని వాళ్లు తక్కువ. ఎవరి చెరువుకు జబ్బు తగిలినా ముందు ఈయనకే ఫోన్ వస్తుంది. ఈయనకు కంపెనీ మందులంటే ఒళ్లుమంట. వెల్లుల్లి, వేపాకు, పసుపు, నల్లబెల్లం కలిపి రుబ్బించి మేతకు పట్టించమంటారు. ఆ తర్వాత చెక్ ట్రే చూడమంటారు. చెక్ ట్రే అంటే ఇంత మేత వేసి నీళ్లలోకి దింపే వల పళ్లెం. బురద నీళ్లలో రొయ్య కనపడదు కదా, అందుకని కాసేపయ్యాక ఆ పళ్లెం పైకి లాగి చూస్తారు. మేత మిగిలితే రొయ్యకు ఒంట్లో బాగాలేనట్టు. ఖాళీ అయితే మందు పనిచేస్తున్నట్టు. ఆ ట్రే ఏం చెబితే అదే ఆయనకు వేదం.

పోయినేడాది పల్లంరాజు చెరువు దక్కింది ఈ మందుతోనే. పల్లంరాజు మా చిన్నాన్న కొడుకు. వాళ్ల చెరువుకూ మా చెరువుకూ మధ్య ఒక్క గట్టే అడ్డం. అప్పటినుంచీ వాడు దేవుడికి దండం పెట్టడం మరిచిపోయినా, పొద్దున్నే బావగారికి ఫోన్ చెయ్యడం మరవడు.

రెండిళ్లకూ కుక్కపిల్లల్ని తెచ్చింది కూడా వాడే. ఒకే ఈతలో పుట్టిన లాబ్రడార్లు. మాకు పండు, వాళ్లకు రోజీ. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారైనా సూర్యావతీ అని నోరారా పిలవని మనిషి, ఆ కుక్కను ‘నాన్నా, బంగారం’ అని పిలిచేవారు. నాకు కుళ్లుగా ఉండేది. ఉండదా మరి?

వానాకాలంలో పండు చెవుల నిండా గోమార్లు పట్టాయి. రక్తం పీల్చేస్తున్నాయి, డాక్టరుకు చూపించి మందు వేయిద్దామన్నాను.

“ఆ మందులన్నీ విషమే. చెట్టూ చేమా చెయ్యని మేలు ఆ సీసాలు చేస్తాయా? రొయ్యకి పనిచేసింది కుక్కకి పనిచెయ్యదా ఏంటి?” అన్నారాయన.

అదే వెల్లుల్లి, అదే వేపాకు, అదే బెల్లం. ముద్ద చేసి ఉండలు కట్టి, పెరుగన్నంలో పెట్టి రోజూ తినిపించారు. గోమార్లు తగ్గాయి. నేను రోజూ కూర్చుని దువ్వి, ఒక్కొక్కటే ఏరి కిరోసిన్ గిన్నెలో పడేసిన సంగతి ఎవరికీ పట్టలేదు. పేరు ఉండలకే వచ్చింది. కుక్క ఉన్న ప్రతి ఇంటివాళ్లూ వచ్చి కొలతలు అడిగి వెళ్లారు. పల్లంరాజు భార్య సుప్రజ అయితే రోజీ కోసం డబ్బా నిండా చేసి పెట్టుకుంది. గోమార్లు పోయినా బలానికి మంచిదని అందరూ అలాగే పెడుతూ వచ్చారు.

పండు గిన్నె నాకి నాకి తోమినట్టు చేసేది. లాబ్రడార్ కదా, చెప్పులు పెట్టినా తింటుంది. ఆయన ఆ ఖాళీ గిన్నె తెచ్చి నాకు చూపించి మురిసిపోయేవారు.

కొన్నాళ్లకు పండు మందగించింది. గట్టు మీద ఆయన వెంట నడుస్తూ మధ్యలోనే కూలబడేది. ఒకరోజు పెరట్లో చూస్తే మూత్రం కాఫీ రంగులో ఉంది. వేడి చేసిందన్నారాయన. సబ్జా నీళ్లు తాగించారు. బార్లీ కాచి పోశారు. నేను మళ్లీ డాక్టరు మాట ఎత్తాను.

“తింటుందిగా! తినేదానికి జబ్బేంటి? మందు చాలట్లేదంతే” అని ఉండ సైజు పెంచారు. చెరువుకైనా అంతే, మొదటి విడతకు లొంగకపోతే రెండో విడత ఎక్కువ వేస్తారు.

చివరికి పండు లేవలేకపోయిన రోజున కారులో వేసుకుని భీమవరం పరిగెత్తాం. డాక్టరు ఉషారాణిగారు చిన్నపిల్ల. పండు పెదవి పైకెత్తి చిగుళ్లు చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టు ఉంది. రక్తం తీసి పరీక్ష చేసుకుని వచ్చి, ఏం పెడుతున్నారని అడిగింది. మా ఆయన ఉండల సంగతి గొప్పగానే చెప్పారు. ఆ పిల్ల రాయడం ఆపేసింది.

“ఆ వెల్లుల్లేనండీ దీని రక్తాన్ని విరగ్గొట్టేసింది. మనకి పడుతుంది గానీ కుక్కలకి పడదండీ. రోజూ కడుపులోకి వెళ్లింది కదా.”

“గిన్నెలో మెతుకు మిగల్చదండీ. ఇష్టంగా తింటుంది” అన్నారాయన.

“మీరు పెట్టారు కాబట్టి తిందండీ. దానికేం తెలుసు?”

ఆవిడ తిట్టలేదు. మెల్లిగానే అంది. ఆ మాటకు మా ఆయన గోడకు ఆనుకున్నారు.

వెంటనే వేరే కుక్క రక్తం ఎక్కించాలంది. ఆయన మొహంలోకి ప్రాణం వచ్చింది. “రోజీ ఉందండీ, మా బావమరిదిది, దీని తోబుట్టువే” అంటూ ఫోన్ తీసి పల్లంరాజు నంబరు నొక్కబోయారు. అంతలో వేలు ఆగిపోయింది. రోజీ తినేదీ అవే ఉండలు. ఆయన నా వంక చూశారు. ఆ చూపు నేను ఇప్పటికీ మరవలేకపోతున్నాను.

డాక్టరమ్మ తనకు తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేసింది. ఎవరో వస్తామన్నారు. వాళ్లు బయల్దేరేలోపే, ఆ బల్ల మీదే, గడ్డం ఆయన అరచేతిలో పెట్టుకుని పండు పోయింది.

ఆయన ఏడవలేదు. “రోజీనైనా దక్కించుకోవాలి” అన్నారు. దారి పొడుగునా అదొక్క మాటే. కారు ఇంటికి తిప్పకుండా సరాసరి పల్లంరాజు వాకిట్లో ఆపారు.

వాడు పండును చూసి భోరుమన్నాడు. పలుగూ పారా తెచ్చి గట్టు మీద గొయ్యి తానే తీశాడు. మట్టి కప్పాక మా ఆయన డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పి, “నేనే చంపుకున్నాను పల్లంరాజూ. నువ్వు ఆపెయ్. ఇవాళే ఆపెయ్. రేపు రోజీని చూపించు” అన్నారు.

“సరే బావగారూ. అలాగే ఆపేద్దాం లెండి. ముందు మీరు మంచినీళ్లు తాగండి” అన్నాడు వాడు.

సరే! మా వాళ్ల సరే ఏంటో మీకు తెలియాలి. పెద్దవాడు మాట్లాడుతుంటే, అందులోనూ బాధలో ఉంటే, ఎదురు చెప్పడం మా ఇళ్లల్లో లేదు. విస్తట్లో మళ్లీ వడ్డించబోతే తప్ప నోరు తెరిచి వద్దనం. అవతలివాడి మనసు కష్టపెట్టకపోవడమే మర్యాదని పెంచారు మమ్మల్ని. ఆ మర్యాద మంటగలవ అనిపిస్తుంది నాకు.

ఆయన మిగిలిన ఇళ్లకూ తిరిగారు. వెళ్లిన ప్రతి చోటా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. “మీ హస్తవాసి మంచిదండీ, దాని ఆయుష్షే అంత”, “మీ తప్పేముందండీ, మనం రోజూ పప్పులో తినట్లేదా ఏంటి”, “డాక్టర్లు మన మందుల్ని ఎందుకు ఒప్పుకుంటారండీ” అని ఓదార్చి పంపారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఎంత పని చేశావయ్యా అని తిట్టి ఉంటే ఆయన ప్రాణం కాస్త తెరిపిన పడేది.

ఇంటికొచ్చి “నమ్మారంటావా?” అని అడిగేవారు.

పల్లంరాజుకు ఫోన్ చేసి రోజీ ఎలా ఉందని అడిగితే “ఆయ్, బాగుందండీ” అనేవాడు. డాక్టరుకు చూపించావా అంటే “చూపిస్తామండీ, ఈ రొయ్యల పట్టుబడి అవ్వగానే” అనేవాడు. నిన్న మాత్రం ఆయన్ని సంతోషపెడదామని ఇంకో ముక్క కలిపాడు. “మీరేం బెంగపెట్టుకోకండి బావగారూ. గిన్నె ఖాళీ చేసేస్తోంది.”

ఆయన ఫోన్ అక్కడే పడేసి లేచారు. చెప్పులు కూడా వేసుకోలేదు. నేనూ వెంట పరిగెత్తాను.

వాళ్ల వాకిట్లో అడుగు పెట్టగానే గుప్పుమంది వెల్లుల్లి వాసన. అరుగు మీద చేటలో ఉండలు ఎండుతున్నాయి. మావాటికంటే పెద్దవి. సుప్రజ గబగబా తువ్వాలు కప్పబోయింది.

“ఏరా, ఆపేశానన్నావు కదరా?” అని అరిచాను.

పల్లంరాజు తల దించుకున్నాడు. నన్ను పక్కకు లాగి గొంతు తగ్గించాడు. “కోప్పడకక్కయ్యా. బావగారు బాధలో అన్న మాటలు పట్టుకుంటామా? పండుకి ఏ రోగం వచ్చిందో ఏంటో. రెండూ ఒకే గట్టు మీద తిరిగినయ్యి. దీనిక్కూడా అంటుకుంటుందేమోనని భయమేసి రెట్టింపు చేశాను. మొన్నటినుంచీ కాస్త నీరసంగా కూడా ఉంది. బావగారి దగ్గర నేర్చుకున్నదే కదా.”

ఈ గుసగుసలేవీ మా ఆయన వినలేదు. రోజీ అని పిలిచారు. అది అరుగు కింద నుంచి తోక ఊపుకుంటూ బయటికి వచ్చి, సగం దూరం నడిచి, అక్కడే కూలబడింది. ఆయన దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు వేళ్లతో పెదవి పైకెత్తారు. చిగుళ్లలో ఎరుపన్నది లేదు. నాకు అంత దూరం నుంచీ కనపడింది.

ఆయన భుజాలు వణకడం చూసి పల్లంరాజు కంగారుగా దగ్గరికి వెళ్లాడు. తానూ వంగి రోజీ నోట్లోకి చూశాడు. పెద్దాయన మనసు కాస్త తేలికవుతుందని నవ్వు మొహం పెట్టాడు.

“చూశారా బావగారూ, పళ్లు ఎంత తెల్లగా మెరిసిపోతున్నాయో! అంతా మీ మందు చలవేనండీ.”