చుట్టపుచూపు

పొద్దున్నుంచి ఆ షెడ్డులో ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నారు. కుక్కర్ల కంపెనీవాళ్ళు వస్తున్నారు మరి. మూత మీద పేరొక్కటే ఆ పెద్ద కంపెనీది. పిడి ఒకచోట, రబ్బరు ఇంకోచోట, పిడిని పట్టి ఉంచే ఇనుప పట్టీ ఇదిగో, ఈ రేకుల షెడ్డులో తయారవుతాయి.

ఇనుపరేకును నొక్కి కోసే ప్రెస్సు మిషను మీద పనిచేసే ఆమెను అందరూ వదిన అంటారు. ఆమె మరిది ఇక్కడే చేసేవాడు, అతని పిలుపే అందరికీ అలవాటైంది. పోయిన నెల ఇదే ప్రెస్సు అతని రెండు వేళ్ళు మింగింది. ఇవాళ పొద్దున చొక్కా గుండీ పెట్టుకోలేక చిన్నపిల్లాడిలా వదిన ముందుకొచ్చి నిలబడ్డాడు. షెడ్డు ఛాయలకు రావద్దని అతనికి ముందే కబురొచ్చింది.

యజమాని గోడ మేకులకున్న ఇనుపజాలీలు దించి ప్రెస్సులకు పెట్టించాడు. చెయ్యి లోపలికి పోకుండా అడ్డంగా బిగించే జాలీలవి. బిగిస్తే వేళ్ళు క్షేమం, పని మాత్రం సగమే సాగుతుంది. అందుకే కంపెనీవాళ్ళు వచ్చిన రోజే అవి గోడ దిగుతాయి. పనివాళ్ళు వాటికి చుట్టాలని పేరు పెట్టారు.

“చుట్టమొచ్చింది వదినా, మర్యాదలు చెయ్యి!” అన్నాడు పక్క ప్రెస్సు ముసలాయన. ఆమెకు నవ్వు రాలేదు.

“అడిగితే ఎప్పుడూ ఉంటుందని చెప్పమ్మా. ఈ ఆర్డరు పోతే అందరం రోడ్డున పడతాం,” అన్నాడు యజమాని.

అతనిదీ అబద్ధం కాదు. కంపెనీ ఏటా ధర కోస్తుంది, కుదరదంటే ఇంకో షెడ్డు చూసుకుంటుంది. ఆ కోత చివరికి ఎవరి వేళ్ళ దాకా వస్తుందో దానికి అక్కర్లేదు.

మధ్యాహ్నం కంపెనీ నుంచి వచ్చిన తెల్లచొక్కా ఆయన జాలీని తట్టి చూశాడు. “ఇది ఎప్పుడూ ఉంటుందా?”

“ఉంటుందండీ,” అంది వదిన. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆయన సంతోషించి ఫోటో తీసుకున్నాడు.

కారు అలా మలుపు తిరిగిందో లేదో, యజమాని స్పానరు తెచ్చిచ్చాడు. “ఊడదియ్యమ్మా, తొందరగా. పొద్దున్నుంచి పనంతా మూలపడింది.”

వదిన స్పానరు అందుకుంది. బోల్టుకు పట్టించి ఇంకో చుట్టు బిగించింది.

“ఎప్పుడూ ఉంటుందని నాతో చెప్పించారు కదండీ. ఉండనివ్వండి.”

“మతుండే మాట్లాడుతున్నావా?” యజమాని స్పానరు కోసం చెయ్యి చాచాడు.

పక్క ప్రెస్సు ఆగింది. ముసలాయన కూడా చెయ్యి చాచాడు.

“నాదీ కాస్త వదులుగా ఉంది. ఇటివ్వు వదినా.”